జపాన్‌లో ఒక్క షింటో గుడికే సమయం ఉంటే: ఫుషిమి ఇనారియా, ఇసేనా, మియాజిమానా?

జపాన్ టికెట్లు కొన్నాక ప్లాన్ వేసుకుంటూ కూర్చున్నవాళ్లకు తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది. జపాన్‌వాళ్ల సొంత సంప్రదాయ మతమైన షింటోకు పేరున్న గుళ్లు అరడజను కనిపిస్తాయి. చేతిలో ఉన్నది ఒక పూట, మహా అయితే ఒక రోజు. ఇంటర్నెట్‌లో వెతికితే అన్నీ అందంగానే ఉంటాయి, అన్నీ తప్పక చూడాల్సినవే అంటారు. నిజానికి వీటికి ఒకదానితో ఒకదానికి పోలికే లేదు. ఒకచోట కొండెక్కాలి, ఒకచోట అడవిలో నడవాలి, ఒకచోట సముద్రం పోటు మీద ఉన్నప్పుడు వెళ్లాలి.

ఎంచుకునే ముందు ఒక సంగతి తెలిసుండాలి. షింటో గుడిలో మూలవిరాట్టు దర్శనం ఉండదు. దేవత కొలువై ఉంటుందని నమ్మే వస్తువు, అది అద్దం కావచ్చు, కత్తి కావచ్చు, మూసిన తలుపుల వెనక ఉంటుంది. భక్తులు బయటి మండపం ముందు నిలబడి, పెట్టెలో నాణెం వేసి, రెండుసార్లు నడుం వంచి నమస్కరించి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మనసులో మాట చెప్పుకుని, మరోసారి వంగి పక్కకు తప్పుకుంటారు. అంతా కలిపి అర నిమిషం. హారతి, తీర్థం, శఠగోపం లాంటివేవీ ఉండవు. ఆ ఊహతో వెళ్లిన మన పెద్దవాళ్లకు "ఇంత దూరం వచ్చింది దీనికా" అనిపించడం సహజం. రెండు స్తంభాల మీద అడ్డ దూలాలు పెట్టి నిలబెట్టే తోరీ ద్వారాల్లో మొదటిది దాటిన దగ్గర్నుంచి ఆ మండపం దాకా నడిచే దారిలోనే ఈ గుళ్ల గొప్పతనమంతా ఉంది. కాబట్టి ఆ దారి ఎలాంటిది, దాన్ని మీరు ఏ వేళకు అందుకోగలరు, మీతో నడిచేది ఎవరు అన్నవి చూసుకుని నిర్ణయించుకోండి. ఫొటోలు చూసి ఎంచుకుంటే సగంమందికి నిరాశే మిగులుతుంది.

ఫుషిమి ఇనారి: పైదాకా ఎక్కేవాళ్లకు

క్యోటో వెళ్లినవాళ్లు దీన్ని వదలరు, వదలక్కర్లేదు కూడా. క్యోటో స్టేషన్ నుంచి జె.ఆర్. (జపాన్ రైల్వేస్) నారా లైన్‌లో రెండో స్టేషన్, ఐదు నిమిషాల ప్రయాణం. లోకల్ రైలే ఎక్కండి, ర్యాపిడ్ రైలు అక్కడ ఆగదు. స్టేషన్ బయటికి రాగానే ఎదురుగా గుడి దారి. టికెట్ లేదు, 24 గంటలూ తెరిచే ఉంటుంది. డబ్బు, దూరం, సమయం ఏ లెక్కన చూసినా ఇంత సులువైన పెద్ద గుడి జపాన్‌లో మరొకటి లేదనే అనుకుంటాను.

ఇనారి వరి పంటకు దేవత. కాలక్రమంలో వ్యాపారానికీ ఆ దేవతే దిక్కయింది. ఈ గుడి 711లో మొదలైందని చెబుతారు. దేశమంతటా ఉన్న సుమారు 30,000 ఇనారి గుళ్లకు ఇదే మూలం. ముందు కనిపించే పెద్ద ద్వారాన్ని 1589లో అప్పటి పాలకుడు టొయోటోమి హిదెయోషి కట్టించాడు. ఎక్కడ చూసినా కనిపించే నక్కలు దేవతలు కావు, దేవత దూతలు. కొన్ని నక్కల నోట్లో తాళంచెవి ఉంటుంది, అది ధాన్యపు గాదెది.

కొండ మీద వరసగా నిలబడిన దాదాపు పదివేల తోరీలు కంపెనీలు, దుకాణాలవాళ్లు, మామూలు కుటుంబాలు మొక్కుగా ఇచ్చినవి. ఎక్కేటప్పుడు అంతా ఎర్రటి వరసగానే కనిపిస్తుంది. వెనక్కి తిరిగి చూస్తే ప్రతి స్తంభం మీదా నల్లటి అక్షరాల్లో దాత పేరు, తేదీ ఉంటాయి. గుడి మెట్ల మీద తాతగారి పేరు చెక్కించుకునే మనకు ఆ పేర్లు చదవడం రాకపోయినా సంగతి ఇట్టే అర్థమవుతుంది.

ఇక అసలు సలహా. పొద్దున తొమ్మిదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా కింది భాగంలో అడుగు తీసి అడుగు వేయలేనంత జనం. అందరూ మొదటి తోరీల వరసలో ఫొటోలు దిగి, పది నిమిషాలు నడిచి వెనక్కి తిరుగుతారు. మీరు ఏడింటికి ముందే చేరుకుని, అక్కడ ఆగకుండా పైకి నడవండి. అరగంట నుంచి ముప్పావుగంటలో యోత్సుత్సుజి అనే కూడలి వస్తుంది, అక్కణ్నుంచి క్యోటో ఊరు కనిపిస్తుంది. అది దాటాక జనం పలచబడతారు. పై దారిలో నాచు పట్టిన రాళ్లు, రాళ్ల మీద చెక్కిన దేవతల పేర్లు, వాటి ముందు చిన్న చిన్న తోరీలు గుట్టలుగా ఉంటాయి. ఎవరెవరో తమ సొంత దేవతకు నిలుపుకున్న పూజాస్థలాలు అవి. ఈ కొండను జనం ఎలా కొలుస్తారో కింద ఉన్న ఫొటోల దారిలో తెలియదు, ఇక్కడ తెలుస్తుంది. శిఖరం 233 మీటర్లే. మొత్తం చుట్టూ తిరిగి రావడానికి సుమారు 4 కిలోమీటర్లు, ఆగుతూ నడిస్తే రెండు మూడు గంటలు పడుతుంది.

పై దారి దాదాపు అంతా మెట్లే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను తీసుకెళ్లాలంటే కింది మండపం వరకే. అలాంటప్పుడు ఇది మీ ఏకైక గుడి కాకూడదని నా అభిప్రాయం. మీ దగ్గర ఉన్నది మధ్యాహ్నం పూట మాత్రమే అయినా అంతే. చీకటి పడ్డాక దీపాల వెలుగులో కింది భాగం చాలా బాగుంటుంది గానీ, కొండ మీదికి ఒంటరిగా వెళ్లొద్దు.

ఇసే: ఒక రోజంతా ఇవ్వగలిగితే

జపాన్‌లో అన్నిటికన్నా పవిత్రమైన గుడి ఏదంటే జపాన్‌వాళ్లు చెప్పేది ఇసే జింగూ పేరే. సూర్యదేవత అమతెరాసు ఇక్కడ ఉంటుంది. ఆమెనే చక్రవర్తి వంశానికి మూలదేవతగా భావిస్తారు. అయినా మనవాళ్ల ప్లాన్లలో ఈ పేరు అరుదుగా కనిపిస్తుంది. ఎర్ర రంగు లేదు, శిల్పాలు లేవు, ప్రధాన గుడి దగ్గర ఫొటోలు తీయనివ్వరు. ఇంటికి తెచ్చి చూపించుకోవడానికి ఏమీ ఉండదు. భక్తిగా వెళ్లేవాళ్లకు మాత్రం నేను మొదట చెప్పేది ఇదే.

ఇసేలో రెండు ప్రధాన ఆలయాలున్నాయి. ఊళ్లో ఉన్నది గెకూ, అంటే బయటి ఆలయం. అక్కడి దేవత తొయోఉకే, అన్నం పెట్టే తల్లి. కొన్ని కిలోమీటర్ల దూరంలో నైకూ, లోపలి ఆలయం, అమతెరాసుది. చుట్టూ ఉన్న చిన్నవాటితో కలిపి మొత్తం 125. ముందు గెకూ, తర్వాత నైకూ వెళ్లడం ఆచారం. గెకూలో రోజుకు రెండుసార్లు, పొద్దున, సాయంత్రం, దేవతలకు నైవేద్యం పెడతారు. ఆ వంటకు నిప్పును ఇప్పటికీ కర్రతో కర్రను మథించి పుట్టిస్తారు. యజ్ఞానికి అరణి మథించడం చూసినవాళ్లకు ఈ మాట వింటేనే ఒళ్లు పులకరిస్తుంది.

ఇసే ప్రత్యేకత 20 ఏళ్లకోసారి గుడిని పూర్తిగా కొత్తగా కట్టడం. ప్రధాన గుడి పక్కనే అంతే కొలతలతో మరో ఖాళీ స్థలం ఉంటుంది. అక్కడ కొత్త గుడి కట్టి, రాత్రిపూట దేవతను అందులోకి తీసుకెళ్లి, తర్వాత పాతదాన్ని విప్పేస్తారు. 690లో మొదలైన ఈ పద్ధతి యుద్ధాల కాలంలో వందేళ్లకు పైగా ఆగినా మళ్లీ నిలబడింది. 62వసారి 2013లో జరిగింది, తర్వాతిది 2033లో. దానికి సంబంధించిన క్రతువులు 2025లోనే మొదలయ్యాయి. గుడితోపాటు దేవత బట్టలు, ఆయుధాలు, పాత్రలు కూడా కొత్తగా చేస్తారు. ఇరవై ఏళ్లకోసారి అంటే ఒక పనివాడు యువకుడిగా నేర్చుకుని, నడివయసులో చేసి, పెద్దవాడై ఇంకొకరికి నేర్పే వ్యవధి. అందుకే 1,300 ఏళ్ల నాటి వడ్రంగం ఈనాటికీ బతికుంది. విప్పిన కలపను పారేయరు. పాత గుడి ప్రధాన స్తంభాలు నైకూ ముందున్న ఉజి వంతెన రెండు చివర్లా తోరీలవుతాయి, మిగతా దూలాలు వేరే గుళ్లకు వెళతాయి.

ఆ వంతెన పొడవు సుమారు 100 మీటర్లు. అది దాటితే గులకరాళ్ల దారి, పెద్ద పెద్ద దేవదారు చెట్లు. ఇసుజు నది ఒడ్డున రాతి మెట్లు దిగి నదీ నీళ్లతోనే చేతులు కడుక్కోవచ్చు. చివర్లో రాతి మెట్ల పైన తెల్లటి తెర ముందు నిలబడి దండం పెట్టుకుంటారు. ఆ వెనక నాలుగు ప్రాకారాలున్నాయి. మీకు కనిపించేది గడ్డి కప్పు, దాని మీద మెరిసే బంగారు తొడుగులు, అంతే. ఇక్కడ కృతజ్ఞత మాత్రమే చెప్పుకోవాలని, సొంత కోరికలు దగ్గర్లోని అరామత్సురి గుడిలో చెప్పుకోవాలని జపాన్‌వాళ్లు అంటారు. చీటీల జాతకం కూడా ఇక్కడ ఉండదు. ఇసేకు రావడమే శుభం, ఇంక చీటీ ఎందుకన్నది వాళ్ల మాట.

వెళ్లడానికి నగోయా నుంచి కింటెట్సు ఎక్స్‌ప్రెస్‌లో సుమారు గంటన్నర, ఒసాకా, క్యోటోల నుంచి సుమారు రెండు గంటలు. కింటెట్సు ప్రైవేటు రైల్వే, జె.ఆర్. పాస్ చెల్లదు. ఇసేషి స్టేషన్ నుంచి గెకూకు నడిచి వెళ్లొచ్చు, అక్కణ్నుంచి నైకూకు బస్సులో 15 నుంచి 20 నిమిషాలు. ప్రవేశం ఉచితం, పొద్దున ఐదింటికే తెరుస్తారు. టోక్యో నుంచి ఒక్క రోజులో వెళ్లి రావాలనుకోకండి, రానూపోనూ ఏడు గంటలు రైళ్లలోనే పోతుంది. నేలంతా గులకరాళ్లే అయినా దారి చదునుగా ఉంటుంది. మెట్లు ప్రధాన గుడి దగ్గరే వస్తాయి.

పిల్లలతో వెళితే ఇసే కష్టం. వాళ్లకు చూడటానికి ఏమీ దొరకదు. నైకూ బయట దుకాణాలతో ఉండే ఒహరాయ్‌మాచి వీధి కాస్త ఊరట.

మియాజిమా: నీళ్ల వేళ చూసుకుని వెళ్లాలి

సముద్రంలో నిలబడ్డ ఎర్రటి తోరీ బొమ్మ చూడనివాళ్లు ఉండరు. అది హిరోషిమా దగ్గర మియాజిమా దీవిలోని ఇత్సుకుషిమా గుడిది. దీవి మొత్తం పవిత్రమని భావించి, దాని మీద అడుగు పెట్టకుండా గుడిని ఒడ్డున నీళ్ల మీదే కట్టారు. మొదట 593లో వెలసిందని చెబుతారు. ఇప్పుడు చూసే వైభవాన్ని 1168 ప్రాంతంలో తైరా యోధవంశం నాయకుడు తైరా నో కియోమోరి తెచ్చాడు. ఇప్పటి తోరీ 1875లో కర్పూర వృక్షాల మానులతో కట్టింది, ఎత్తు సుమారు 16 మీటర్లు. దాన్ని సముద్రం అడుగున పాతలేదు. పై దూలాన్ని పెట్టెలా చేసి రాళ్లు నింపారు, ఆ బరువుతోనే నిలబడుతుంది. 2019 నుంచి 2022 చివరి దాకా మరమ్మతులు జరిగాయి, ఇప్పుడు ముసుగు లేకుండా చూడొచ్చు.

ఇక్కడ అన్నీ సముద్రం చేతుల్లో ఉన్నాయి. పోటు 250 సెంటీమీటర్లు దాటితే గుడి తేలుతున్నట్టు కనిపిస్తుంది. 100 సెంటీమీటర్లకన్నా తగ్గితే తోరీ కాళ్ల దాకా నడిచి వెళ్లొచ్చు. మధ్యలో వెళితే బురద, కాస్త నీళ్లు. ఆటుపోట్ల పట్టిక ముందే దొరుకుతుంది, హోటల్ బుక్ చేసే ముందు తేదీకి దాన్ని చూడండి. పోటు మీద ఒకసారి, ఆటు మీద ఒకసారి చూడగలిగేలా ఐదారు గంటలు దీవిలో ఉండటం మంచిది.

మనవాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేక బంధం ఉంది. ఈ గుడిలో కొలిచే ముగ్గురు దేవతల్లో ఇచికిషిమాహిమెను శతాబ్దాలపాటు బెంజైతెన్‌గా పూజించారు. బెంజైతెన్ అంటే బౌద్ధంతోపాటు చైనా మీదుగా జపాన్ చేరిన మన సరస్వతీదేవి. చేతిలో వీణ బదులు బివా అనే తంత్రీవాద్యం ఉంటుంది. 1868లో ప్రభుత్వం షింటోను, బౌద్ధాన్ని వేరు చేయమని ఆదేశించాక అమ్మవారిని పక్కనున్న దైగాన్‌జి బౌద్ధాలయానికి మార్చారు. బాసరలో పిల్లలకు అక్షరాభ్యాసం చేయించిన అమ్మమ్మ మీతో ఉంటే, గుడి నుంచి బయటికి వచ్చాక ఆ ఆలయానికి తప్పకుండా తీసుకెళ్లండి.

హిరోషిమా నుంచి మియాజిమాగుచికి జె.ఆర్. రైలు అరగంట లోపు, అక్కణ్నుంచి ఫెర్రీ పది నిమిషాలు. పగటిపూట జె.ఆర్. ఫెర్రీ తోరీకి దగ్గరగా తిప్పుతూ తీసుకెళుతుంది. గుడి టికెట్ 300 యెన్లు, దీవిలో అడుగుపెట్టేందుకు 100 యెన్ల పన్ను. గుడిలో చెక్క నడవాలన్నీ చదును కాబట్టి పెద్దవాళ్లకు మెట్ల బాధ లేదు. పిల్లలకు జింకలు సరదా, కానీ చేతిలో కాగితం గానీ తిండి గానీ ఉంటే లాక్కుంటాయి. ఓపిక ఉంటే రోప్‌వే ఎక్కి మిసెన్ కొండ మీదికి వెళ్లండి. కూకాయ్ అనే బౌద్ధగురువు వెలిగించాడని చెప్పే నిప్పు అక్కడ 1,200 ఏళ్లుగా ఆరకుండా ఉంది. హిరోషిమా శాంతి పార్కులోని జ్వాలకు ఆ నిప్పునూ వాడారు. ఉదయం శాంతి పార్కు, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా మియాజిమా అని పెట్టుకుంటే మూడు తరాలవాళ్లు కలిసి తిరిగే కుటుంబానికి ఇంతకన్నా మంచి రోజు దొరకదు. సాయంత్రం ఐదు దాటితే వచ్చిన జనమంతా వెళ్లిపోతారు, అప్పటిదాకా ఉండండి.

టోక్యో దాటలేకపోతే మెయిజి

ఆఫీసు పని మీద టోక్యో వచ్చి ఒక ఉదయం ఖాళీ దొరికినవాళ్లకు మెయిజి జింగూ చాలు. హరజుకు స్టేషన్ పక్కనే. మెయిజి చక్రవర్తి, ఆయన భార్య షోకెన్ స్మృతికి 1920లో కట్టారు. 1945 బాంబు దాడుల్లో కాలిపోతే 1958లో మళ్లీ కట్టారు. భవనం కన్నా చుట్టూ ఉన్న 70 హెక్టార్ల అడవి గొప్పది. దేశం నలుమూలల నుంచి జనం పంపిన లక్ష మొక్కలతో, వందేళ్ల తర్వాత తనంతట తానే బతకాలని లెక్కవేసి నాటిన అడవి ఇది. దారి మీద రాలిన ఆకులను ఊడ్చి మళ్లీ చెట్ల కిందికే చేరుస్తారు. సూర్యోదయానికి తెరిచి సూర్యాస్తమయానికి మూసేస్తారు, టికెట్ లేదు. శని, ఆదివారాల్లో సంప్రదాయ పెళ్లి ఊరేగింపు ఎదురుపడవచ్చు.

టోక్యోలో ఉద్యోగాలు చేసుకుంటూ ఊరి నుంచి అమ్మానాన్నలను పిలిపించుకున్నవాళ్లు మొదటి వారంలో ఇక్కడికి తీసుకొస్తే ప్రయాణ బడలిక మీద ఉన్నవాళ్లకు ఇబ్బంది ఉండదు. శిల్పాలు, రంగులు ఇష్టపడేవాళ్లకు మాత్రం ఇది చప్పగా ఉంటుంది. వాళ్లను టోక్యోలోని అసకుసా నుంచి రెండు గంటల దూరంలోని నిక్కో తోషోగూకు తీసుకెళ్లండి. తొకుగావా పాలనను స్థాపించిన షోగన్ (సైనిక పాలకుడు) ఇయెయాసు సమాధి గుడి అది, 1636 నాటి కట్టడాలు, ఒక్క యోమెయ్ ద్వారం మీదే 500కు పైగా శిల్పాలు. మూడు కోతులు అక్కడివే. వాటి దగ్గర్లోనే ఏనుగును ఎన్నడూ చూడని చిత్రకారుడు ఊహించి గీసిన ఏనుగుల చెక్కడం ఉంది, మన పిల్లలు దాన్ని చాలా ఇష్టంగా చూస్తారు. టికెట్ 1,600 యెన్లు, మెట్లు ఎక్కువ.

నారా వెళ్లేవాళ్లకు 768 నాటి కసుగా తైషా ఉంది. రాతివీ, కంచువీ కలిపి సుమారు 3,000 దీపస్తంభాలు, లాంతర్లు. అన్నీ వెలిగించేది ఫిబ్రవరి మొదట్లో వచ్చే సెత్సుబున్ పండగ రాత్రి, ఆగస్టు 14, 15 రాత్రుల్లో మాత్రమే. ఆ తేదీలకు మీరు అక్కడ ఉంటే పైన చెప్పినవన్నీ పక్కన పెట్టి అక్కడికే వెళ్లండి. ఇజుమో తైషా పెళ్లి సంబంధాలు కలిపే దేవుడిది, అక్కడ చప్పట్లు రెండు కాదు, నాలుగు. దూరం బాగా ఎక్కువ, మొదటిసారి వచ్చేవాళ్లు పెట్టుకోవద్దు.

ఎక్కడికెళ్లినా

తోరీ కింద దాటే ముందు కొంచెం తల వంచండి. దారి మధ్యలో కాకుండా పక్కగా నడవండి, మధ్య దారి దేవతది. నీళ్ల తొట్టె దగ్గర గరిటెతో ముందు ఎడమచెయ్యి, తర్వాత కుడిచెయ్యి కడిగి, ఎడమ అరచేతిలో నీళ్లు పోసుకుని నోరు పుక్కిలించాలి. గరిటెను నోటికి ఆనించకూడదు. చెప్పులు విప్పక్కర్లేదు, మండపం లోపలికి వెళితే తప్ప. కొబ్బరికాయ, పూలు తీసుకెళ్లొద్దు. మన మైల పట్టింపులాంటిదే అక్కడా ఉంది: ఇంట్లో ఎవరైనా పోతే 50 రోజుల దాకా షింటో గుడికి వెళ్లరు. బయటివాళ్లను ఎవరూ అడగరు గానీ, ఇంట్లో ఆ పట్టింపు ఉన్నవాళ్లు తేదీలు అందుకు తగ్గట్టు చూసుకోవచ్చు.

తిండి విషయంలో శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి. ఫుషిమి దగ్గర అమ్మే ఇనారి సుషిలో కనిపించేది టోఫూ, అన్నమే అయినా ఆ టోఫూను చాలాచోట్ల చేపల రసంలో ఉడికిస్తారు. ఉడాన్ అనే లావు నూడుల్స్‌తో చేసే కిత్సునె ఉడాన్ పులుసూ, ఇసే ఉడాన్ రసమూ అంతే. మియాజిమాలో అమ్మే మొమిజి మంజూ అనే చిన్న తీపి కేకుల్లో గుడ్డు ఉంటుంది. ఇసేలో 1707 నుంచి చేస్తున్న అకఫుకు మోచి మాత్రం దంచిన జిగురు బియ్యపు ముద్ద మీద తీపి ఎర్ర చిక్కుడు ముద్ద, నిశ్చింతగా తినొచ్చు. కడుపు నిండాలంటే కన్వీనియన్స్ స్టోర్లో ఉమెబోషి అనే పుల్లటి ఊరగాయ పండు పెట్టిన అన్నపు ముద్దలు కొని వెంట ఉంచుకోండి.

తేదీలు మీ చేతిలో ఉంటే జనవరి 1 నుంచి 3 దాకా పెద్ద గుళ్లు వద్దు. కొత్త సంవత్సరం మొదటి దండానికి దేశమంతా కదులుతుంది, మెయిజికి ఆ మూడు రోజుల్లోనే 30 లక్షల మంది వస్తారు. ఏప్రిల్ చివరి నుంచి మే మొదటి వారం దాకా వరస సెలవులు, ఆగస్టు మధ్యలో పితృదేవతల పండగ ఒబోన్ సెలవులు, అప్పుడు రైళ్లు కూడా దొరకవు. ఇసేకు డిసెంబరు మధ్య వారాలు చాలా మంచివి. జనం తక్కువ, పైగా ఆ రోజుల్లో ఉదయం ఏడున్నర ప్రాంతంలో ఉజి వంతెన దగ్గరి తోరీ మధ్య నుంచి సూర్యుడు వస్తాడు. దాని కోసమైతే ముందు రాత్రి ఇసేలోనే బస చేయాలి.